ఇంటర్ పిల్లకి డిప్రెషన్ అనిపిస్తే: ఇంటి డాక్టరా, కౌన్సెలింగా, మాత్రలా?

సంక్రాంతి సెలవులు అయిపోయే రోజుల్లో మా క్లినిక్‌కి తలనొప్పి కేసులు ఎక్కువగా వస్తాయి. అందరూ ఇంటర్ పిల్లలే. హాస్టల్‌కి తిరిగి వెళ్లే రోజు దగ్గరపడేసరికి తలనొప్పి, కడుపునొప్పి, వాంతి వచ్చేటట్టు ఉండటం. చాలామందికి అది నాలుగు రోజుల బెంగ, తగ్గిపోతుంది. కొందరి విషయం వేరు. వాళ్ల అమ్మ సంచిలోంచి లావుపాటి ఫైలు తీస్తుంది. కళ్లద్దాల చీటీ, తలకి తీయించిన స్కానింగ్, థైరాయిడ్, బి12, గ్యాస్ మాత్రలు రాసిన మూడు నాలుగు చీటీలు. "అన్నీ నార్మల్ అంటున్నారు మేడమ్. కానీ వీడు మునుపటి పిల్లాడు కాదు" అంటుంది.

నేను సైకియాట్రిస్టుని కాను. మండల కేంద్రంలో ఇరవై ఏళ్లుగా జ్వరాలు, షుగర్లు, బీపీలు చూసుకునే మామూలు డాక్టర్ని. అయినా డిప్రెషన్ ఉన్న పిల్లలు మొదట వచ్చేది మాలాంటి వాళ్ల దగ్గరికే, అదీ ఒంటి నొప్పుల పేరుతో. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే. ఎవరికి చూపించాలి? కౌన్సెలింగ్ చాలా, మాత్రలు కావాలా? మాత్రలు అలవాటైపోతాయా? హాస్టల్ మాన్పించాలా? ఒక్కోదానికి నాకు తెలిసింది, నేను నమ్మేది చెబుతాను. అన్నిటికంటే ముందు ఒక మాట. మొదటి రోజు ఏ దారి పట్టారన్నది అంత పెద్ద విషయం కాదు. రెండు వారాలకి అదే మనిషి ఆ పిల్లని మళ్లీ చూస్తున్నారా లేదా అన్నది చాలా పెద్ద విషయం. పది చోట్ల ఒక్కొక్కసారి చూపించిన పిల్లల కంటే ఒకే చోట పదిసార్లు చూపించిన పిల్లలు బాగుపడటం నేను ఎక్కువగా చూశాను.

ఎంపికకి టైమ్ లేని సందర్భం

"నాకు బతకాలని లేదు" అని నోటితో అన్నా, నోట్‌బుక్‌లో రాసినా, తనకి తాను గాయం చేసుకున్నా, రెండు మూడు రోజులుగా తిండీ నిద్రా మానేసినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందని చెప్పినా, ఈ పోలికలన్నీ పక్కన పెట్టేయండి. అదే రోజు ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా పిల్లని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే, నానమ్మ బీపీ మాత్రలుంటే, ఇంకొకరి ఇంటికి తరలించండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ప్రాణాలు నిలబెట్టే పని ఇదే. అలాంటి ఆలోచన చాలాసార్లు కొద్దిసేపు ఉప్పెనలా వచ్చి పోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకూడదు.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. అవదు. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకోవడమే నేను చూశాను. పోలీసు కేసు అవుతుందేమోనని దాచిపెట్టే ఇళ్లు కూడా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం ఆలస్యం చేయడానికి అది కారణం కాకూడదు.

ఎంత బరువుగా ఉందో తెలుసుకోవడం

మా దగ్గర పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, తన మీద తనకే చిన్నచూపు, చదువు మీద మనసు నిలవకపోవడం, ఇలాంటివి ఎన్ని రోజులు ఉన్నాయని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి 3 వరకు. మొత్తం 27. 5 నుంచి 9 వస్తే తేలిక, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 బరువైనది, 20 నుంచి పైన తీవ్రం. అంకె ఒక్కటే జబ్బు నిర్ధారించదు. కానీ ఏ దారి పట్టాలో చూపిస్తుంది, నాలుగు వారాలకి మళ్లీ పెడితే ఆ దారి పనిచేస్తోందో లేదో చెబుతుంది.

ఒకమ్మాయి, సెకండ్ ఇయర్ బైపీసీ, నా టేబుల్ దగ్గర కూర్చుని ఈ కాగితం నింపుతోంది. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. వాళ్లమ్మ వెనక కుర్చీలో ఉంది. ఎనిమిది ప్రశ్నలు గబగబా అయిపోయాయి. తొమ్మిదోది చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ పెన్సిల్ ఆగింది. సున్నా మీద టిక్ పెట్టింది. చెరిపింది. ఒకటి మీద పెట్టింది. వెనక అమ్మ గాజులు చప్పుడయ్యాయి. మళ్లీ చెరిపి సున్నా మీదకి తెచ్చింది. ఆ చోట కాగితం పల్చబడిపోయింది. వాళ్లమ్మని "కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నాను, సిస్టర్‌ని తలుపు దగ్గర ఉండమన్నాను. కాగితం తిప్పి పెట్టి, "ఇప్పుడు చెప్పు బంగారం" అన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.

అందుకే చెబుతున్నాను, పిల్లతో విడిగా పది నిమిషాలు మాట్లాడని డాక్టర్ దగ్గర ఈ సమస్య బయటపడదు. మీరు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి. ప్రాణానికి ప్రమాదం ఉన్నా, ఎవరైనా పిల్లని హింసిస్తున్నా ఆ విషయం దాచబోమని ఆ పిల్లకే ముందు చెబుతాం. మిగతాది పిల్ల ఒప్పుకుంటేనే మీ దాకా వస్తుంది.

ఇంకో విషయం. ఈ వయసులో డిప్రెషన్ అంటే ఏడుపు ముఖమే అనుకోకండి. మగపిల్లల్లో ముఖ్యంగా కోపంగా, విసుగ్గా, ప్రతి మాటకీ ఎదురు చెప్పే తీరులో కనిపిస్తుంది. "బద్ధకం", "ఫోన్ పిచ్చి", "పొగరు" అని ఇంట్లో పేరు పెట్టేస్తారు. కొన్నేళ్ల కింద నేనూ పొరపాటు చేశాను. నీరసం అని వచ్చిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 9 ఉంది. ఐరన్ మాత్రలు రాసి పంపేశాను. రక్తం తక్కువ ఉన్న మాట నిజమే, కానీ దానికి పక్కన ఇంకోటి ఉందేమోనని అడగలేదు. మూడు నెలల తర్వాత పరీక్షలు రాయకుండా ఇంట్లో కూర్చుందని తెలిసి మళ్లీ పిలిపించాను. రక్తపరీక్షలో ఏదో ఒకటి దొరికినంత మాత్రాన ప్రశ్నలు ఆపకూడదని నాకు ఆ పిల్ల నేర్పింది.

ఎవరి దగ్గరికి?

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి మాత్రం ఈ పనికి వెళ్లకండి. సెలైన్ ఎక్కించి, బలానికి సూది వేసి, నిద్రకి మాత్ర ఇస్తారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపిస్తుంది, విలువైన రెండు నెలలు పోతాయి.

మీ ఇంటి డాక్టర్ గానీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ గానీ మొదటి మెట్టుగా మంచివాళ్లు. ఇంటి సంగతులు తెలుసు, దగ్గర్లో ఉంటారు, వాళ్ల గడప తొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు. థైరాయిడ్, రక్తహీనత లాంటివి చూసి పక్కన పెట్టగలరు. తేలిక, మధ్యస్థ స్థాయి డిప్రెషన్‌ని ప్రాథమిక స్థాయి డాక్టర్లు చూసుకోవచ్చనే అమెరికాలో పిల్లల డిప్రెషన్ కోసం 2007లో రాసి 2018లో సవరించిన గ్లాడ్-పీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోపం ఒకటే, టైమ్. ఓపీలో వందమంది ఉన్నప్పుడు ఏ డాక్టరూ అరగంట ఇవ్వలేరు. కాబట్టి మధ్యాహ్నం రద్దీ తగ్గాక రమ్మంటారా అని ముందే అడగండి. అలా అడిగితే కాదనే డాక్టర్లు తక్కువ.

క్లినికల్ సైకాలజిస్టు మాట్లాడే వైద్యం చేస్తారు, మందులు రాయరు. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతివాళ్లూ సైకాలజిస్టులు కాదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. "ఒకే సిట్టింగ్‌లో మార్చేస్తాం, జ్ఞాపకశక్తి పెంచేస్తాం" అనేవాళ్లకి దూరంగా ఉండండి.

సైకియాట్రిస్టు అంటే చాలా ఇళ్లలో గుండె జారిపోతుంది. హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ పేరు, కోస్తాలో విశాఖ మానసిక ఆసుపత్రి పేరు తిట్టులా వాడతాం కదా, ఆ అలవాటు మన పిల్లలకే అడ్డం పడుతోంది. నిజానికి రెండు చోట్లా చాలామంది ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయేవాళ్లే. అక్కడికి వెళ్లడం ఇబ్బంది అనిపిస్తే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, పక్క గదిలో చర్మవ్యాధులో, ఎముకలో చూస్తుంటారు. స్కోరు 15 దాటితే, ఆరు నుంచి ఎనిమిది వారాల వైద్యంలో మార్పు లేకపోతే, మత్తు పదార్థాలు తోడైతే నేను అక్కడికే పంపుతాను. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు పట్టలేని హుషారు వచ్చే జబ్బు ఉంటే, మాత్రలు మొదలుపెట్టకముందే పంపుతాను. ఆ పిల్లల్లో డిప్రెషన్ మాత్ర మనసుని అటు నుంచి ఇటు విసిరేసే ప్రమాదం ఉంటుంది.

కాలేజీ కౌన్సెలర్ గురించి ఒక మాట. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించాలని చెప్పింది. కాబట్టి మీ కాలేజీలో ఉన్నారా అని అడిగే హక్కు మీకుంది. ఉన్నారంటే, ఆ మనిషి పిల్ల చెప్పింది ప్రిన్సిపాల్‌కి చేరవేయరని తెలుసుకున్నాకే పంపండి.

ఫోన్ సాయం కావాలంటే టెలి మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎదురుగా కూర్చుని మాట్లాడలేని పిల్లలు ఫోన్‌లో మాట్లాడేస్తారు. నెలనెలా పిల్లని చూసే డాక్టర్ స్థానాన్ని ఇది భర్తీ చేయదు. రాత్రి రెండు గంటలకి మాత్రం ఏ డాక్టరూ చేయలేని పని చేస్తుంది. ఆ నంబర్ పిల్ల ఫోన్‌లో, మీ ఫోన్‌లో ఇవాళే సేవ్ చేసుకోండి.

ఆగి చూడటం, మాట్లాడటం, మాత్రలు

స్కోరు తేలికగా ఉంటే వెంటనే మందుల జోలికి వెళ్లను. అలాగని "టైమ్ అన్నీ నయం చేస్తుందిలే" అని పంపించేయను. వారానికో, రెండు వారాలకో రమ్మంటాను, ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు. ప్రతిసారీ చిన్న పని ఒకటి ఒప్పందం చేసుకుంటాం. ఒకబ్బాయికి సాయంత్రం ఆరింటికి మేడ మీద మొక్కలకి నీళ్లు పోయడం. ఇంకో అమ్మాయికి రోజు విడిచి రోజు పక్కింటి అక్కతో నడక. మనసు బాగయ్యాక పనిచేద్దామని పిల్ల చూస్తూ ఉంటుంది. మేం వరస తిప్పుతాం, ముందు చిన్న పని, దాని వెనక మనసు. దీనికి డిగ్రీలు అక్కర్లేదు, వదలకుండా అడిగే మనిషి కావాలి. నిద్ర కూడా ఇందులో భాగమే. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, తెల్లవారుజామున మళ్లీ లేపడం, ఇలా నెలల తరబడి నడిచిన పిల్లకి నిద్ర సరిచేయకుండా ఏ వైద్యమూ అందదు.

మధ్యస్థం దాటితే అసలు పోలిక వస్తుంది. సీబీటీ అనే మాట్లాడే వైద్యంలో పిల్ల తనలో తాను అనుకునే మాటని పట్టుకుని పరీక్షిస్తారు. "వీక్లీ టెస్ట్‌లో ర్యాంక్ పోయింది, నేను దేనికీ పనికిరాను" అనే వాక్యాన్ని కాగితం మీద పెట్టి, ఇందులో జరిగింది ఎంత, నువ్వు కలుపుకున్నది ఎంత అని విడదీస్తారు. వారానికి ఒకసారి, దాదాపు మూడు నెలలు.

దీన్నీ మాత్రల్నీ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరిశోధన అమెరికాలో జరిగింది. పేరు టాడ్స్, ఫలితాలు 2004లో వచ్చాయి. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా డిప్రెషన్ ఉన్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మంది. పన్నెండు వారాలకి మాత్ర, సీబీటీ రెండూ ఇచ్చిన వాళ్లలో 71 శాతం మంది మెరుగుపడ్డారు. మాత్ర ఒక్కటే ఇచ్చిన వాళ్లలో 61, సీబీటీ ఒక్కటే అయితే 43, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 35. ఇక్కడితో ఆపేస్తే సీబీటీ దండగ అనిపిస్తుంది. కానీ 36 వారాలకి చూస్తే రెండూ కలిపిన వాళ్లలో 86, మాత్ర ఒక్కటే అయితే 81, సీబీటీ ఒక్కటే అయితే అదీ 81. మాట్లాడే వైద్యం నెమ్మదిగా చేరుతుంది, కానీ చేరుతుంది.

నేను దీన్ని ఇలా అన్వయించుకుంటాను. పిల్ల కాలేజీకి వెళ్తోంది, తింటోంది, మంచి సైకాలజిస్టు గంట ప్రయాణంలో ఉన్నారు, అప్పుడు ముందు సీబీటీ. పిల్ల మంచం దిగట్లేదు, మాట్లాడే ఓపికే లేదు, అప్పుడు మాత్రతో మొదలుపెట్టి కాస్త తేరుకున్నాక మాట్లాడే వైద్యం చేర్చడం. రెండూ దొరికితే రెండూ. మా మండలం లాంటి చోట సైకాలజిస్టు దొరకరు, అది నిజం. వీడియో కాల్‌లో చేసే వాళ్లుంటే అది ఏమీ లేకపోవడం కంటే చాలా మేలు. గది తలుపు వేసుకుని మాట్లాడే చోటు ఇంట్లో ఇవ్వాలి, అంతే.

ఏ మాత్ర?

ఈ వయసుకి మొదటి వరసలో ఉన్నవి రెండు. ఫ్లూయోక్సెటిన్, ఎస్సిటలోప్రామ్. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కి మొదటిదాన్ని 8 ఏళ్ల నుంచి, రెండోదాన్ని 12 ఏళ్ల నుంచి ఆమోదించింది. ఎక్కువ ఆధారం ఫ్లూయోక్సెటిన్‌కి ఉంది. అది శరీరంలో చాలా రోజులు నిలుస్తుంది, కాబట్టి హాస్టల్ పిల్ల ఒక పూట మర్చిపోయినా కుదుపు రాదు. ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోవాలి. ఎస్సిటలోప్రామ్‌కి వేరే మందులతో తగాదా తక్కువ, కాబట్టి ఫిట్స్ లాంటి వాటికి ఇంకో మందు వాడే పిల్ల అయితే అటు మొగ్గుతాం. గుండె లయ సమస్య ఉంటే మాత్రం దాంతో జాగ్రత్త. పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ పెద్దవాళ్లకి మామూలుగా రాసేవే అయినా ఈ వయసులో మొదటి మందుగా వద్దు. నాన్నకి రాసిన మాత్రలు పిల్లకి ఇవ్వడం అసలే వద్దు.

తక్కువ డోసుతో మొదలుపెడతాం. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం, తలనొప్పి, నిద్ర చెదరడం ఉండొచ్చు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలా ఇళ్లలో పదో రోజున "పని చేయట్లేదు" అని మానేస్తారు, అక్కడే దెబ్బతింటాం.

2004లో ఎఫ్‌డీఏ ఈ మందుల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. 24 పరిశోధనల్లోని దాదాపు 4400 మంది పిల్లల వివరాలు చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు మాత్ర వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం. ఒక్క మరణం కూడా లేదు. ఇది చదివి మందు వద్దనుకోవడం కంటే, మొదటి నెల వారం వారం పిల్లని డాక్టర్‌కి చూపించడం సరైన పని. అకస్మాత్తుగా కాలు నిలవని అస్థిమితం, కోపం, నిద్ర అవసరమే లేనంత హుషారు కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి. మాత్రల షీటు అమ్మో నాన్నో దగ్గర పెట్టుకుని రోజుకి ఒకటి చేతికివ్వాలి.

నిద్రపట్టట్లేదని ఆల్ప్రజోలామ్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం చాలా చోట్ల చూస్తున్నాను. అవి డిప్రెషన్‌కి వైద్యం కాదు. అలవాటయ్యేవి అవే. ఫ్లూయోక్సెటిన్ అలా అలవాటయ్యే మందు కాదు. బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడి, తర్వాత నెమ్మదిగా, డాక్టర్ చెప్పినట్టు, పరీక్షల టైమ్ కాకుండా చూసి తగ్గిస్తాం.

హాస్టల్లో ఉంచాలా, ఇంటికి తేవాలా?

ఇదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, ఎందుకంటే దీంట్లో ఫీజు ఉంది, మేనమామలు ఏమంటారో ఉంది, పిల్ల పరువు కూడా ఉంది. చావు ఆలోచన ఉంటే, మాత్రలు మొదలుపెట్టి ఇంకా మొదటి నెలే అయితే, స్కోరు 15 దాటితే, ఇంటికి తెచ్చుకోండి. ఫీజు లెక్క ఆ వారం వేయకండి. అంతకంటే తేలికైతే తొందరపడి మాన్పించను. కొందరు పిల్లలకి హాస్టల్లో ఉన్న ఒక్క స్నేహితురాలే ఊపిరి. ఇంట్లో గొడవలున్న చోట ఇల్లే బరువు కావచ్చు. కాబట్టి ఆ పిల్లనే అడగండి, డాక్టర్ ఎదుట అడగండి. "నువ్వు ఎక్కడ ఉంటే నిద్ర పడుతుంది?" అని అడిగితే నిజం చెబుతారు. "చదువు మానేస్తావా?" అని అడిగితే వద్దనే అంటారు.

మధ్య దారులు కూడా ఉన్నాయి. అదే కాలేజీలో డే స్కాలర్‌గా మార్చడం, సెక్షన్ మార్చి టెస్టుల ఒత్తిడి తగ్గించడం, ఒక నెల మెడికల్ సెలవు. డాక్టర్ సర్టిఫికెట్‌లో డిప్రెషన్ అని రాయాల్సిన పనిలేదు, విశ్రాంతి అవసరమని రాస్తే చాలు. ఒకటో రెండో పేపర్లు పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఈ మాట ఫలితాలు వచ్చాక ఓదార్పుగా చెప్పే బదులు, పరీక్షల ముందే నాన్న నోటి నుంచి వస్తే పిల్ల వింటుంది.

తిరిగి హాస్టల్‌కి పంపేటప్పుడు వార్డెన్‌కి పిల్ల అనుమతితో రెండు విషయాలే చెప్పండి. ఉదయం టిఫిన్ తర్వాత ఒక మాత్ర ఉంది, అది వార్డెన్ చేతుల మీదుగా ఇవ్వాలి. పిల్ల ఎప్పుడు అడిగినా ఇంటికి ఫోన్ చేయనివ్వాలి, ఆదివారం దాకా ఆగమనకూడదు. ఈ రెండూ కుదరవని చెప్పిన హాస్టల్‌కి ఆ పిల్లని ఇంకా పంపకండి. పంపాక మొదటి రెండు వారాలు అయ్యేసరికి బస్సెక్కించి తీసుకురండి, మధ్యాహ్నం మూడింటికి, ఓపీ పల్చబడ్డాక. కాగితం, పెన్సిల్ టేబుల్ మీద పెట్టి ఉంచుతాను.